రాజీనామా కాగితం మీద ఆ రాత్రే సంతకం పెట్టవద్దు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము చదివింది ఎనిమిదో తరగతి. సొసైటీ కార్యదర్శి పనిలో చేరినాక లెడ్జర్లే మాకు పాఠపుస్తకాలు అయినాయి. పెద్ద మాటలు మాకు రావు. సభవారు నూలు ధర గురించో, కూలి గురించో చెప్పమన్నారు. అవి అందరూ చెప్తున్నారు. మేము ఇంకొక సంగతి చెప్తాము. వినేదానికి మంచిగా ఉండదు గానీ, చెప్పవలసిందే.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయినాయి, బళ్ళారి ఇటు నిలిచింది. ఊళ్ళు విడిపోయినా మన మగ్గం ఒకటే, చుట్టరికాలు ఒకటే. అయితే ఇప్పుడు మన ఇంటి పిల్లలందరూ మగ్గం గుంటలో కూచోవడం లేదు. ఒకడు సొసైటీ అంగడిలో సేల్స్‌మన్, ఒకడు బళ్ళారి జీన్స్ యూనిట్‌లో కటింగ్ మాస్టర్, ఒక పాప బెంగళూరు గార్మెంట్స్‌లో, ఇంకొకరు బ్యాంకులో అటెండరు. అంటే మనము జీతగాళ్ళమైనాము. మగ్గం మీద తప్పు జరిగితే బట్టలో కనపడుతుంది. జీతం పనిలో తప్పు జరిగిందంటే ముందు ఒక కాగితం వస్తుంది. ఆ కాగితాన్ని నోటీసు అంటారు. దాని వెనకాలే ఒక మాట వస్తుంది: "ఎందుకప్పా ఈ గలాటా, మర్యాదగా రాజీనామా ఇచ్చేయ్, అంతటితో ముగిసిపోతుంది."

ముగిసిపోతుందా? అదే ఈ పొద్దు మేము చెప్పదలచిన విషయం.

ఇద్దరి సంగతి

పేర్లు చెప్పము, ఊళ్ళు చెప్పము. ఇద్దరూ మన నేత ఇండ్ల పిల్లలే. ఇద్దరూ వేరే వేరే సొసైటీలలో సేల్స్‌మన్లు.

మొదటివానికి 11 ఏండ్ల సర్వీసు, 13,000 జీతం. స్టాకు లెక్క పెడితే 38 చీరలు తక్కువ వచ్చినాయి. విలువ 57,000 రూపాయలు. సస్పెండ్ చేసినారు. ఆ సాయంత్రమే డైరెక్టర్లలో ఇద్దరు వాని ఇంటికి పోయి, రాసిపెట్టిన రాజీనామా పత్రం చేతికిచ్చినారు. ఇంట్లో చెల్లెలి పెండ్లి మాటలు నడుస్తున్నాయి. వాని నాయన మా దగ్గరికి వచ్చి, "అన్నా, దొంగ అనే మాట ఊరంతా పాకకముందే వీనితో సంతకం పెట్టిస్తాను" అన్నాడు. పిల్లోడు పక్కన నిలబడి, "పెదనాయనా, నేను తీయలేదు" అని ఒక్క మాట అన్నాడు.

మేము వాని మాట నమ్మినామా లేదా అనేది వేరే. మేము అడిగింది ఒకటే: "38 చీరలు యాడికి పోయినాయో నీకు తెలుసునా?" తెలియదన్నాడు. తెలియనప్పుడు దేనికని సంతకం పెడతావు? ఆ రాత్రి పెట్టనీయలేదు. మరుసటి రోజు నోటీసుకు జవాబు రాయించినాము. స్టాకు రిజిస్టరు, చలాన్లు చూపించమని అర్జీ పెట్టించినాము. విచారణ నాలుగు నెలలు నడిచింది. ఎగ్జిబిషన్‌కు పంపిన చీరలలో అమ్ముడుపోనివి తిరిగి అంగడికి రాలేదు, నేరుగా గోడౌనుకు పోయినాయి. అంగడి రిజిస్టరులో ఆ సంగతి ఎక్కలేదు. గోడౌను లెక్క పెట్టిస్తే 31 చీరలు ఎక్కువ తేలినాయి.

మిగిలిన 7 చీరలు? అవి వాడు తెలిసినవాళ్ళకు బిల్లు లేకుండా అప్పుకు ఇచ్చినాడు. అది తప్పే. వాడూ ఒప్పుకున్నాడు. 10,500 రూపాయలు జీతంలో కోసినారు, ఒక ఇంక్రిమెంటు నిలిపినారు. ఈ పొద్దు వాడు ఉద్యోగంలోనే ఉన్నాడు. చూడండి, వాడు పూర్తిగా నిర్దోషి కాదు. కానీ 38 చీరల దొంగకూ, 7 చీరల అజాగ్రత్తకూ ఎంత తేడా ఉందో, విచారణ జరిగింది కాబట్టి తేలింది. రాజీనామా ఇచ్చి ఉంటే 38 చీరలూ వాని నెత్తి మీదే నిలిచిపోయేవి.

రెండోవాడు ఇంకొక ఊరు. వానికీ అట్లాంటి లెక్కే. ఆ రాత్రే సంతకం పెట్టినాడు. ఆ పత్రంలో ఎవరో తెలివిగా ఒక వాక్యం రాసిపెట్టినారు: "నా వల్ల జరిగిన లోపాలకు బాధ్యత వహించి" అని. రెండేండ్ల తర్వాత ఆడిట్‌లో ఆ మొత్తం మళ్ళీ లేచింది. కట్టమని నోటీసు వచ్చింది. అప్పటికి వాడు సొసైటీ గడప లోపలికి పోలేడు, రిజిస్టరు చూడలేడు, సాక్షి చెప్పేవాడు లేడు. వాని సంతకమే వానికి ఎదురు సాక్షి అయింది. ఇంటిని కుదువపెట్టి కట్టినాడు. వాడు తీసినాడో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అదే దాంట్లో పెద్ద దుఃఖం.

చట్టం ఏమంటుంది

మన కర్ణాటక సహకార సంఘాల చట్టం 1959లో వచ్చింది. దాంట్లో 64వ సెక్షన్ విచారణకు, 69వ సెక్షన్ సర్‌ఛార్జికి. సర్‌ఛార్జి అంటే సంఘానికి జరిగిన నష్టాన్ని మనిషి దగ్గర వసూలు చేయడం. ఆ 69వ సెక్షన్ ఇప్పుడున్న ఉద్యోగికే కాదు, గతంలో పనిచేసినవానికీ వర్తిస్తుంది. ఆంధ్రలో 1964 చట్టంలో 60వ సెక్షన్ ఇదే పని చేస్తుంది. కాబట్టి "రాజీనామా ఇస్తే లెక్క ముగిసిపోతుంది" అనేది చట్టంలో లేని మాట. పోలీసు కేసు కూడా అంతే. ఉద్యోగం వదిలినంత మాత్రాన కేసు మనలను వదలదు.

మరి ఎందుకు రాజీనామా అడుగుతారు? మేము కార్యదర్శి కుర్చీలో కూచున్నవాళ్ళము గనుక దాచకుండా చెప్తాము. రాజీనామా వస్తే ఆఫీసుకు సులభం. విచారణాధికారిని పెట్టే ఖర్చు లేదు, సాక్షుల వాంగ్మూలాలు లేవు, లేబర్ కోర్టు భయం లేదు. ఇంకొక సంగతి కూడా ఉంది. విచారణ చేస్తే తప్పు ఒకరి దగ్గరే ఆగదు. గోడౌను, లెడ్జరు, బోర్డు దాకా పోవచ్చు. ఒకడు వెళ్ళిపోతే అందరికీ నిమ్మళం. అడిగేవాళ్ళందరూ చెడ్డవాళ్ళని కాదు. కొందరు నిజంగానే మన మేలు కోరి చెప్తారు. అయినా ఆ సులువు ఎవరిదో మనము తెలుసుకోవాలి.

కోలారు బంగారు గని కేసు

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక కేసు వినండి. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో భారత్ గోల్డ్ మైన్స్ అని సర్కారు కంపెనీ ఉండేది. 1985లో అక్కడ సెక్యూరిటీ ఆఫీసరు ఇంట్లో పోలీసులు సోదా చేసి, బంగారం దొరికిందన్నారు. సస్పెండ్ చేసినారు. ఒకవైపు క్రిమినల్ కేసు, ఇంకొకవైపు కంపెనీ విచారణ. సస్పెన్షన్‌లో ఉన్నవానికి ఇవ్వవలసిన జీవన భత్యం ఆయనకు ఇవ్వలేదు. ఆయన సొంతూరు కేరళలో. చేతిలో డబ్బు లేక విచారణకు రాలేకపోయినాడు. ఆయన లేకుండానే విచారణ ముగించి 1986లో డిస్మిస్ చేసినారు. 1987లో క్రిమినల్ కోర్టు ఆయనను నిర్దోషి అన్నది. కంపెనీ తీసుకోనన్నది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1999 మార్చిలో తీర్పు వచ్చింది. భత్యం ఇవ్వకుండా, మనిషి లేకుండా చేసిన విచారణ చెల్లదు, ఉద్యోగంలోకి తీసుకోండి, పాత జీతం ఇవ్వండి అన్నారు.

ఆయన రాజీనామా ఇవ్వలేదు, గెలిచినాడు. కానీ 14 ఏండ్లు పట్టింది. తీర్పు వచ్చిన రెండేండ్లకు, 2001లో ఆ గనే మూతపడింది. అందువల్ల "పోరాడండి, పోరాడండి" అని మేము ఊరికే కేకలు వేయము. పోరాటానికీ ఖర్చుంది. బియ్యం డబ్బాలో ఎన్ని నెలలకు ఉందో చూసుకోవాలి. అయితే ఈ కేసు నుంచి మనకు ఒక హక్కు గట్టిగా దొరికింది: సస్పెన్షన్ కాలంలో భత్యం అడగవచ్చు. ఫ్యాక్టరీల స్టాండింగ్ ఆర్డర్ల నియమాల ప్రకారం మొదటి 90 రోజులకు సగం జీతం, ఆ తర్వాత దానికంటే ఎక్కువ. చిన్న సంస్థలలో వాళ్ళ సర్వీసు నియమాలు చూడాలి. ఇవ్వకపోతే నోటి మాటగా కాదు, రాసి అడగండి.

సంజీవరెడ్డి గారు ఎందుకు దిగినారు

ఇప్పుడు ఇంకొక వైపు. మన పక్క జిల్లా అనంతపురం ఇల్లూరు మనిషి, నీలం సంజీవరెడ్డి గారు. 1964లో ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను సర్కారు చేతిలోకి తీసుకున్న కేసులో, రాజకీయ కక్షతో చేసినారని బస్సుల యజమానులు ఆరోపించినారు. సుప్రీంకోర్టు తీర్పులో ముఖ్యమంత్రికి వ్యతిరేకంగా మాటలు వచ్చినాయి. అట్లా రావడానికి ఒక పెద్ద కారణం ఏమంటే, ఆయన మీద చేసిన ఆరోపణలను ఆయనే స్వయంగా ప్రమాణపత్రం వేసి ఖండించలేదు. జవాబు లేని ఆరోపణ నిలబడింది. ఆయన ఆ ఫిబ్రవరిలోనే రాజీనామా చేసినారు. అంతటితో ఆయన బతుకు ముగియలేదు. అదే ఏడు కేంద్రంలో మంత్రి అయినారు, 1967లో లోక్‌సభ స్పీకరు, 1977లో రాష్ట్రపతి.

దీంట్లో మనకు రెండు పాఠాలు. ఒకటి, నోటీసుకు మన జవాబు మనమే, మన సంతకంతో, గడువు లోపల ఇవ్వాలి. ముఖ్యమంత్రికే జవాబు లేకపోతే నష్టం జరిగింది, మన సంగతి ఎంత? రెండోది, కుర్చీ ఎవరిదో దాన్నిబట్టి రాజీనామా ధర్మం మారుతుంది.

ఈ రెండోది కాస్త విడమర్చి చెప్తాము. సొసైటీ అధ్యక్షుని మీదనో, డైరెక్టరు మీదనో, మా వంటి కార్యదర్శి మీదనో విచారణ వస్తే, రిజిస్టర్లు ఎవరి బీరువాలో ఉన్నాయి? సాక్షి చెప్పవలసిన గుమాస్తా ఎవరి కింద పనిచేస్తున్నాడు? మా కిందే. మేము కుర్చీలో కూచుని ఉంటే వాడు నిజం చెప్పగలడా? కాబట్టి తాళంచెవి చేతిలో ఉన్నవాళ్ళు తప్పుకోవాలి. పూర్తిగా రాజీనామానో, విచారణ ముగిసేదాకా సెలవో, అది వాళ్ళిష్టం. ఇంకొకరికి చార్జి ఇచ్చి పక్కకు జరగాలి. అట్లా జరగడం తప్పు ఒప్పుకోవడం కాదు, సంఘానికి మర్యాద. తాళంచెవి లేనివాడు, నెల జీతం ఒక్కటే ఉన్నవాడు మాత్రం తొందరపడి పోకూడదు. వాడు పోతే నిజం తేలే దారి మూసుకుపోతుంది. మన ఊళ్ళలో దీనికి సరిగ్గా తిరగేసి జరుగుతున్నది. పెద్దలు కుర్చీ వదలరు, గుమాస్తాతో రాజీనామా రాయిస్తారు.

ఆడబిడ్డల విషయం

మన పాపలు గార్మెంట్స్‌లో, అంగళ్ళలో, ఆఫీసుల్లో ఉన్నారు. పైవాడు అసభ్యంగా నడచుకున్నాడని పాప చెప్తే, మనము మొదట అనే మాట ఏమి? "ఆ పని మానుకో తల్లీ." ఎవడో చేసినదానికి పాప ఉద్యోగం పోవాలా? 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువైతే జిల్లాలో స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. మూడు నెలల లోపల రాసివ్వాలి. తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు గడువు ఇస్తారు. విచారణ జరిగేటప్పుడు వేరే సెక్షన్‌కు మార్చమని, మూడు నెలల వరకు సెలవు ఇమ్మని పాప అడగవచ్చు.

ఫిర్యాదు మన పిల్లోని మీద వచ్చినా ధర్మం అదే. కులపెద్దలను వెంటబెట్టుకుని ఆ పాప ఇంటికి పోయి రాజీకి కూచోవద్దు. రాజీ అనేది ఆ పాప తనంతట తాను అడిగితేనే, డబ్బు మాట లేకుండా, కమిటీ ద్వారా జరగాలి. మన పిల్లోడు చెప్పుకొనేది ఉంటే కమిటీ ముందర చెప్పుకోవాలి. మన సమాఖ్య పెద్దలకూ ఇదే మనవి.

రాజీనామా ఎప్పుడు ఇవ్వవచ్చు

ఎప్పుడూ ఇవ్వవద్దని మేము అనము. తప్పు జరిగింది, మనకే తెలుసు, డిస్మిస్ తప్పదు అనిపిస్తే, లేదా ఆ చోట ఇంక మనసు నిలవదు, ఆరోగ్యం చెడుతున్నది, వేరే పని చేతిలో ఉంది అంటే, రాజీనామా న్యాయమే. కానీ నిదానంగా ఇవ్వండి. మేము మా దగ్గరికి వచ్చినవాళ్ళకు చెప్పేవి ఇవి.

ఆ రోజే సంతకం పెట్టవద్దు. రెండు రాత్రులు నిద్రపోండి, ఇంట్లో ఆడవాళ్ళతో కూడా మాట్లాడండి. జీతం రాకపోతే సంసారం ఎట్లా నడపాలో వాళ్ళకే బాగా తెలుసు.

ఎవరో రాసిన పత్రం మీద కాదు, మీ సొంత మాటలతో రాయండి. "ఫలానా తేదీ నుంచి ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను" అంటే చాలు. క్షమాపణలు, బాధ్యతలు దాంట్లో రాయవద్దు. చెప్పుకోవలసింది నోటీసు జవాబులో చెప్పుకోండి.

రాజీనామా ఇస్తే విచారణ ఆగుతుందా, వసూలు ఎంత, సర్వీసు సర్టిఫికెట్టు ఇస్తారా, ఇవన్నీ ముందుగా రాతలో తీసుకోండి. నోటి మాట ఇచ్చిన అధ్యక్షుడు వచ్చే ఎన్నికలలో ఉండకపోవచ్చు. ఇంకొక సంగతి. విచారణ పెండింగులో ఉంటే రాజీనామా తీసుకోము అనే నియమం కొన్ని చోట్ల ఉంటుంది. సర్వీసు నియమాలు చూడండి.

గ్రాట్యుటీ మరచిపోవద్దు. అది 1972 నుంచి ఉన్న లెక్క. 10 మంది పనిచేసే చోట, 5 ఏండ్లు నిండినవానికి రాజీనామా ఇచ్చినా వస్తుంది. మేము చెప్పిన ఆ పిల్లోని లెక్కే చూడండి. 13,000ను 26తో భాగిస్తే 500, దాన్ని 15తో గుణిస్తే 7,500, 11 ఏండ్లకు 82,500 రూపాయలు. నష్టం చేసినందుకు డిస్మిస్ అయితే ఆ నష్టం మేరకు దాంట్లో కోయవచ్చు. పీఎఫ్ సొమ్ము వేరే, అది అప్పులవాళ్ళు జప్తు చేసేది కాదు.

ఒత్తిడి చేసి రాయించుకుంటే, మరుసటి రోజే "నా ఇష్టంతో ఇచ్చింది కాదు, వాపసు తీసుకుంటున్నాను" అని రిజిస్టరు పోస్టులో పంపండి. రాజీనామా అమలుకు రాకముందు వెనక్కి తీసుకోవచ్చు. 1977లో అలహాబాద్ హైకోర్టు జడ్జి ఒకాయన ముందు తేదీ వేసి రాజీనామా ఇచ్చి, ఆ తేదీ రాకముందే వాపసు తీసుకున్నాడు. అది చెల్లుతుందని 1978లో సుప్రీంకోర్టు అన్నది.

ఇంకా ఒకటి. విచారణ జరిగేటప్పుడు రిజిస్టర్లు ఇంటికి తెచ్చుకోవద్దు, సాక్షుల ఇండ్లకు పోవద్దు, ఫోనులో మెసేజీలు చెరపవద్దు. పాత తప్పు లేకపోయినా కొత్త తప్పు తగులుకుంటుంది.

మనము చేయవలసింది

మన ఇండ్లలో తెలుగు, ఆఫీసులో కన్నడం, నోటీసు ఒక్కోసారి ఇంగ్లీషులో. నోటీసు చదవలేకనే సగం మంది భయపడి సంతకం పెడుతున్నారు. నాకు తెలిసిన భాషలో చెప్పండి అని అడగడం తప్పు కాదు. విచారణలో పక్కన ఒక తోటి ఉద్యోగిని కూచోబెట్టుకోవడానికి అడగవచ్చు, సాక్షిని ఎదురు ప్రశ్న వేయవచ్చు, కాగితాలు చూడవచ్చు. మన సమాఖ్యలో చదువుకున్న పిల్లలు ఇప్పుడు చాలా మంది ఉన్నారు. నెలకు ఒక ఆదివారం ఇద్దరు కూచుని, ఎవరి చేతిలో ఏ కాగితం ఉన్నా చదివి, అర్థం చెప్పి, జవాబు రాసిపెట్టే ఏర్పాటు చేయాలని ఈ వేదిక మీద కోరుతున్నాము. దానికి పెద్ద ఖర్చు లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు.

ఇంకొక మనవి. విచారణలో ఉన్నవాడు దొంగ కాదు, విచారణలో ఉన్నవాడు అంతే. వాని ఇంటి సంబంధం వెనక్కి తిప్పవద్దు, వాని పెండ్లాన్ని నీళ్ళ కాడ సూటిపోటి మాటలు అనవద్దు. చాలామంది రాజీనామా ఇచ్చేది అధ్యక్షునికి భయపడి కాదు, మన నోళ్ళకు భయపడి. పడుగులో పోగు తెగితే మనము పడుగంతా కోసి పారేయము. మగ్గం ఆపి, ఏ పోగో వెతికి, అతికి, మళ్ళీ నేస్తాము. తప్పు ఉన్నచోట శిక్ష పడనీయండి, లేనిచోట మనిషిని నిలబెట్టండి. ఏది ఉందో తేలేదాకా ఓపిక పట్టండి.

 సభాధ్యక్షులు ఆదివారం బల్ల సంగతి ఈ సభలోనే తీర్మానంలో చేర్చవలెనని మనవి చేసి సెలవు తీసుకుంటున్నాము.